చొక్కా జేబులో ఉప్పు పొట్లం

తాడేపల్లిగూడెంలో పాసింజరు ఎక్కాను. ఎదురు సీట్లో పెద్దాయన అక్కడి ఉల్లిపాయల మార్కెట్లో కాటా వేస్తారట. భీమడోలు దాటాక పెరుగన్నం క్యారేజీ విప్పి, పెద్ద ఉల్లిపాయని మూత మీద పెట్టి పిడికిలితో పగలగొట్టారు.

“బీపీ అండీ. మాత్ర వేసుకుంటూనే ఇదీ తింటున్నాను. ఉల్లిపాయలో క్వెర్సెటిన్ అని ఒకటుంటుందట, బీపీని కాస్త తగ్గిస్తుందని మా కోడలు ఫోన్లో చూసి చెప్పింది. అన్నంలో ఉప్పు కూడా మాన్పించేసిందండీ” అన్నారు.

అంటూనే చొక్కా జేబులోంచి కాగితం పొట్లం తీసి, ఉల్లిపాయ ముక్కని ఉప్పులో అద్దుకున్నారు.

“ఉప్పు మానేశానన్నారు కదండీ?” అన్నాను.

“అన్నంలో మానేశానండీ. ఇది ఉల్లిపాయలోకి.”

నవ్వొచ్చింది. నాకూ బీపీ ఉందని చెప్పాను. వెంటనే సగం ఉల్లిపాయ నా చేతిలో పెట్టారు. నేను పొట్లం వైపు చెయ్యి చాపేసరికి దాన్ని మడిచి జేబులో పెట్టేసుకున్నారు.

“మీకొద్దండీ. బీపీ అన్నారుగా.”

కళ్ళ నీళ్ళు కారుతుంటే ఉత్త ఉల్లిపాయే తిని, ఏలూరులో దిగిపోయాను. అప్పట్నుంచి ఇంట్లోనూ ఉప్పు లేకుండానే తింటున్నాను. ఆయన మానేశారో లేదో తెలియదు.