క్యానులో "ఏదో" కలిపాడట

ఆ ఆదివారం పొద్దున్నుంచీ నాకు కాలు నిలవలేదు. పాల్మాకుల నుంచి, విమానాశ్రయం పక్కనున్న మా సాతంరాయి కాలనీకి పాలు పోసే అతను యూరియా కలుపుతున్నాడని, ఒక పిల్లాడు ఆస్పత్రి పాలయ్యాడని ఫోన్లలో ఒకటే గోల. గేటు దగ్గరే అతన్ని ఆపేశారు. మూడు రోజులుగా పాలు పారబోసుకుంటున్నాడు. ఇంకో వారం ఇలాగే సాగితే గేదెల్ని అమ్ముకోవాల్సిందే. గోదావరి జిల్లాలో పాఠాలు చెప్పి రిటైరైన టీచరమ్మనని ఈ తగువు నా నెత్తిన పెట్టారు. నాకూ పెద్దరికమంటే ముద్దే, దాచుకోను.

కాలనీ ఆఫీసులో అందరూ చేరారు. అతను గుమ్మం దగ్గరే నిలబడ్డాడు.

"చూసినవాళ్ళే మాట్లాడండి. విన్నవాళ్ళు ఎవరి దగ్గర విన్నారో చెప్పండి," అన్నాను, క్లాసులో అన్నట్టే.

పిల్లాడి తల్లి లేచింది. "మావాడు బజ్జీలు తిని ఆస్పత్రిలో పడ్డాడండీ. పాలంటే ఆమడ దూరం పారిపోతాడు."

సగం పుకారు అక్కడే పోయింది. నాకు హుషారొచ్చింది. మరి యూరియా అని ఎవరన్నారు? పై అంతస్తు ఆయన తన భార్యను చూపించాడు. ఆవిడ మా ఎదురింటావిడను చూపించింది. ఎదురింటావిడ నావైపు తిరిగింది.

"మీరే కదండీ? సర్వీసు రోడ్డు పక్కన బండి ఆపి క్యానులో ఏదో కలుపుతున్నాడని చెప్పారు!"

నెత్తిమీద విమానం పోతోంది. ఆ మోత తగ్గేదాకా ఇక్కడ ఎవరూ నోరు తెరవరు. ఆ కాస్సేపట్లో నాకు ఎన్ని అబద్ధాలు తట్టాయో. నేను ఆటోలోంచి చూసింది చెంబుతో క్యానులో నీళ్ళు చల్లడం. నీళ్ళంటే ఎవరు చెవిన పెడతారని "ఏదో" అన్నాను. నామీద నాకే అసహ్యం వేసింది. ఉన్నదున్నట్టు చెప్పేశాను.

అతను కోప్పడలేదు. "నీళ్లు సల్లింది నిజమే అమ్మా. ఉత్త పాలు అమ్మితే బర్రెకు దిష్టి తగుల్తదని మా అవ్వ చెప్పింది. అమ్మేముందు రోజూ నాలుగు సుక్కలు సల్లుత. గప్పుడే నన్ను అడిగితే చెప్తుంటి గద."

మర్నాటి నుంచి అందరూ మళ్ళీ పాలు పోయించుకుంటున్నారు. మా గుమ్మం దగ్గర మాత్రం అతను మూత తీసి, క్యాను నావైపు వంచి, "సూస్కోండ్రి అమ్మా" అంటాడు. వద్దంటాను. నేను చూసేదాకా గిన్నెలో చుక్క పోయడు.