గుమ్మంలో కుట్టు టీచరు

ఆ పాత సర్కారు హైస్కూల్లో కుట్టు టీచరంటే అందరికీ లోకువే. పిల్లల చిరిగిన జేబులూ ఊడిన బొత్తాలూ కుడుతూ, ఎవరి జోలికీ పోకుండా ఉద్యోగం నెట్టుకొచ్చిన మనిషి. సైన్సు మాస్టారు సాయంత్రాలు ఆడపిల్లల్ని ఒంటరిగా ల్యాబులో ఆపేస్తున్నాడని తెలిసిన రోజు మాత్రం, స్టూలు తెచ్చుకుని ఆ గుమ్మంలోనే కూర్చుంది.

“మీకేం పని ఇక్కడ?” అన్నాడాయన.

“ఇక్కడ వెలుతురు బావుందండీ. మీరు పాఠం చెప్పుకోండి,” అంటూ సూదీ దారం తీసింది. దారం ఎంతకీ సూదిలోకి ఎక్కలేదు. లోపలున్న పదో తరగతి పిల్ల బయటికొచ్చేదాకా ఆమె లేవలేదు.

నెల తిరక్కుండానే ఆమెకు బదిలీ అయింది. వెళ్ళేరోజు ఆ పిల్ల చెయ్యి పట్టుకుని, “ఆయన పిలిస్తే ఒక్కదానివే వెళ్ళకమ్మా,” అంది.

“ప్రాక్టికల్ మార్కులు ఆయన చేతిలోనే ఉన్నాయి టీచరుగారూ.”

ఆమె ఆ చెయ్యి వదల్లేదు. పిల్లే మెల్లగా చెయ్యి విడిపించుకుని ల్యాబు వైపు నడిచింది.