మూడోసారి అడిగితేనే

మా పాపకు నాలుగున్నరేళ్ళు. వేలూరు సత్తువాచారిలో మా ఇంటికి రెండు వీధుల అవతల ఉన్న చిన్న బడిలో ఎల్‌కేజీ చదువుతోంది. చదువుతోంది అని నేను అంటున్నాను గానీ, బడిలో ఆ మాట ఎవరూ ధైర్యంగా అనలేకపోతున్నారు. ఏది అడిగినా పలకదట. మార్చి నెలలో ఒకరోజు టీచరు నన్ను పిలిపించింది. ఆమెదీ మా మాదిరే, ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం.

"చెవి డాక్టరు అంతా బాగుండాదనే చెప్పినాడు కదమ్మా. మరి అడిగితే ఎందుకు పలకదో నాకు తెలీలేదు. ఇట్లే ఉంటే ఇంకో ఏడాది ఈ క్లాసులోనే కూర్చోబెట్టాల్సి వస్తాది," అని నా చేతికి ఒక రూళ్ళ నోటుబుక్కు ఇచ్చింది. "పదిహేను దినాలు బిడ్డను చూసి ఇందులో రాయండి. కంటికి కనిపించింది మాత్రమే. మీరు అనుకునింది వద్దు."

నాకు లోపల నవ్వొచ్చింది. చూడటం నాకు నేర్పాలా? గుడియాత్తంలో లుంగీల అంగట్లో పుట్టి పెరిగినదాన్ని. కొనడానికి వచ్చినవాడి నోరు చూడొద్దు, కాళ్ళు చూడమని మా నాయన చిన్నప్పుడే చెప్పాడు. నోరు ఎంత బేరమాడినా కాలివేళ్ళు వీధివైపు తిరిగి ఉంటే పోయేవాడే. బట్టవైపు ఉంటే మెట్లు దిగనిచ్చినా మళ్ళీ వస్తాడు. ఆ విద్యతోనే నేను వేలూరు మార్కెట్లో పేరు తెచ్చుకున్నాను. వంకాయలమ్మే ఒకామె నేను దూరంగా కనబడగానే గంపమీద గోనెపట్టా కప్పేస్తుంది. అంత పేరు.

మొదటిరోజు ఇలా రాశాను: "పళ్ళు తోముకోమంటే మొండికేసింది. తెలివి దాచుకుంటోంది. అన్నీ తాత పోలికలే." మర్నాడు పుస్తకం తిరిగొచ్చింది. మూడు వాక్యాలూ ఎర్రసిరాతో కొట్టేసి ఉన్నాయి.

"మొండి అనేది మీకు యాడ కనిపించిందమ్మా? చెయ్యి ఏం చేసింది, కాలు ఏం చేసింది, అది రాయండి."

"నోరు బిగించుకోని నిలబడింది మిస్."

"అదే రాయండి మరి."

రాశాను. బ్రష్షు పట్టుకుని నిలబడింది. కుడిపాదం మీద ఎడమపాదం పెట్టింది. అద్దం చూడలేదు, కొళాయి వైపు చూసింది. ఇలా రాస్తున్నకొద్దీ బిడ్డ నాకు తెలియని బిడ్డ అయిపోయింది. నాలుగేళ్ళుగా మొండిది అనే ఒక్క మాటతో సరిపెట్టుకున్నాను. ఆ మాట తీసేస్తే మిగిలింది ఒక కొళాయి, రెండు పాదాలు. వాటిని పెట్టుకుని నేనేం చేయాలి?

ఆ ఆదివారం పాపను తీసుకుని గుడియాత్తం పోయాను. నేను ఉద్యోగం చేసిన రెండేళ్ళూ అది ఆ అంగట్లోనే, మడతపెట్టిన లుంగీల మీద పెరిగింది. ఆరోజు కూడా ఆ దొంతర పక్కనే చేరింది. నాట్రంపల్లి నుంచి ఎప్పుడూ వచ్చే ఒక వ్యాపారి వచ్చాడు.

"కాఫీ తాగుతావాప్పా?" అన్నాడు నాయన.

"వద్దు, ఇప్పుడే తాగి వచ్చినాను."

"కొంచం తాగప్పా."

"అయ్యో, వద్దంటే."

"తెమ్మని చెప్పేసినాను, తాగు."

"అట్లయితే సగం చాలు," అని ఆయన నిండు గ్లాసు తాగాడు.

బేరమూ అలాగే సాగింది. నాయన మొదట చెప్పిన ధరకు ఆయన తల ఎత్తలేదు. రెండోదానికి దగ్గాడు. మూడోదానికి నోరు విప్పాడు. ఆయన పోయాక నాయన పాపవైపు తిరిగి, "బొరుగులు తింటావామ్మా?" అన్నాడు. పాప పలకలేదు. మళ్ళీ అడిగాడు. పక్కనున్న లుంగీ అంచు సర్దింది. మూడోసారి అడగగానే చెయ్యి చాపింది.

నేను కూర్చున్నచోటే లేచి నిలబడ్డాను. మా ఇళ్ళల్లో ఒక్కమాటకే తిన్నవాడిని ఆశపోతు అంటారు. మొదటి మాట మర్యాదకు, రెండోది మనిషిని చూడటానికి, మూడోదే నిజం. అంటే బడిలో అడిగే మొదటి ప్రశ్న నా బిడ్డ లెక్కలో ప్రశ్నే కాదు!

"నాయనా, దీన్ని చెడగొట్టింది నువ్వే," అన్నాను.

"నేనేం చేసినాను మే?"

"మూడుతూర్లు అడిగితేగానీ పలకడంలేదు. అంతా నీ అంగడి బుద్ధి."

"మంచిదే కదా! మొదటి పిలుపుకే పలికేదానికి నా మనవరాలేమన్నా హోటల్లో సర్వరా? మీ మిస్సును ఇంకో రెండుతూర్లు అడగమను. నోరేమన్నా అరిగిపోతాదా?"

తిరుగు బస్సు విరించిపురం దాటేసరికి టీచరుకు చెప్పాల్సిన మాటలన్నీ పేర్చుకున్నాను. పుస్తకంలో "కారణం దొరికింది" అని రాసి, కింద రెండు గీతలు కూడా గీశాను.

సోమవారం టీచరు అంతా విని, నవ్వకుండా, పాపను దగ్గరికి పిలిచి ఒక బంతి చూపించింది. "ఇదేం రంగు?"

"ఎరుపు," అంది పాప. మొదటిసారికే.

"నీ పేరేమి?"

పలకలేదు. రెండోసారి, మూడోసారి, నాలుగోసారి. అయిదోసారికి కిటికీలోంచి బయటికి చూసింది.

అంగట్లో బట్టకు చిరుగు బయటపడితే మావాళ్ళు మాట్లాడుతూనే దాన్ని మడతలోకి తోసేస్తారు. నేనూ అదే చేశాను. "రంగంటే కళ్ళముందర ఉండాది మిస్. పేరు మీకు తెలిసిందే కదా, తెలిసిందాన్ని ఎందుకు అడుగుతారని..."

"మీరు బిడ్డను చూస్తా ఉండారా, నాతో బేరమాడతా ఉండారా?"

పుస్తకం ఆమె ముందుకు జరిపాను. ఆ రెండు గీతలు ఆమె చూసింది. ఎర్రసిరాతో కొట్టేసి ఉంటే బాగుండేది. కొట్టలేదు.

ఆ తర్వాతి రోజులు మరీ అయోమయం. ఒకరోజు పిలవకముందే వచ్చి ఒళ్ళో కూర్చుంది. ఒకరోజు నీళ్ళు కావాలా అని ఎన్నిసార్లు అడిగినా పలకలేదు, నేను అడగడం మానేసిన పావుగంటకు వచ్చి "కావాల" అంది. ఏది దాని గుణమో, ఏది ఆనాటి ఎండో, ఏది నా గొంతులోని విసుగో విడదీయలేకపోయాను. అన్నీ రాశాను. పేజీలు నిండాయి, బుర్ర ఖాళీ అయింది.

పదమూడోరోజు మిద్దెమీద బట్టలు ఆరేస్తున్నాను. పాప బట్టల క్లిప్పులు తీసుకుని పిట్టగోడ వెంబడి వరసగా నిలబెట్టింది. మొదటిదాని ముందు గొంతుకూర్చుని, "నీ పేరేమి?" అని అడిగింది. ఆగింది. తల ఊపింది. "గుడ్" అంది. రెండోదాని దగ్గరికి జరిగి మళ్ళీ అడిగింది, ఆగింది, తల ఊపింది, గుడ్ అంది. పదకొండు క్లిప్పులకూ అంతే. ఒక్కదానికి మాత్రం, ఎందుకో, నవ్వింది.

తడిబట్ట చేతిలో పట్టుకుని అలాగే నిలబడ్డాను. ఆ ఆగినంతసేపు దానికి ఏం వినిపించింది?

చూసింది చూసినట్టు రాసి, కింద ఒక్క మాట కూడా చేర్చకుండా ఇచ్చేశాను. టీచరు ఆ పేజీ రెండుసార్లు చదివింది.

"క్లిప్పులు జవాబు చెప్పినాయనే అనుకునిందా?"

"తెలీదు మిస్."

"అయితే నేను అడిగినప్పుడు తనూ చెప్పేసినాననే అనుకుంటాదేమో?"

"తెలీదు మిస్."

ఒకే చోట నిలబడి వరసగా రెండు నిజాలు చెప్పడం నా జన్మలో అదే మొదలు.

"ఇంకో ఏడాది ఇక్కడే పెడదామనే అనుకుంటిని," అంది టీచరు. "ఇప్పుడు నాకూ తెలీలేదు. మీరే చెప్పండి. మధ్యాన్నానికి లిస్టు పోవాల."

"ఇంకో వారం టైమివ్వండి మిస్."

"కాదమ్మా."

"పోనీ, నాలుగు దినాలు."

"మధ్యాన్నం."

"మీ బిడ్డయితే ఏం చేస్తారు?"

"నా బిడ్డ కాదు కదమ్మా," అంది మెల్లగా.

యూకేజీ అని ఉన్న గడిలో సంతకం పెట్టాను. పెట్టిన మరుక్షణం తప్పు చేశాననిపించింది. పక్క గడిలో పెట్టి ఉన్నా అలాగే అనిపించేదని కూడా తెలుసు. ఇంట్లో మా ఆయన, "ఏం చూసి పెట్టినావు?" అన్నాడు. క్లిప్పుల సంగతి చెప్పాను. "క్లిప్పులు చూసి క్లాసు మార్చేసినావా!" అన్నాడు. అంతకన్నా మంచి కారణం చెప్పి ఆయన నోరు మూయించాలని చాలాసేపు వెతికాను. దొరకలేదు.

ఇప్పుడు యూకేజీలో రెండో వారం. కొత్త క్లాసు, కొత్త టీచరు. నిన్న అన్నం పెడుతూ, "మిస్ ఏమన్నా అడిగినారా బంగారూ?" అన్నాను.

"అడిగినారు."

"నువ్వేం చెప్పినావు?"

"చెప్పినాను."

"నోటితోనా?"

పాప నా ముఖంలోకి జాలిగా చూసి, పప్పు ఇంకొంచెం వేయమని గిన్నె చూపించింది.

కొత్త టీచరు ఇంతవరకూ నన్ను పిలిపించలేదు. బిడ్డ పలుకుతోంది కాబట్టి పిలవలేదో, అంతమందిలో పలకని బిడ్డ ఒకటి ఉందని ఆమె ఇంకా గమనించనే లేదో. కనుక్కుందామని ఈ పొద్దున గేటు దాకా పోయాను. పిల్లలంతా పాట పాడుతున్నారు. ఆ గొంతుల్లో మా పాపది ఉందా లేదా అని చెవి పెట్టి చాలాసేపు విన్నాను. ఉన్నట్టే అనిపించింది, లేనట్టూ అనిపించింది. లోపలికి పోకుండానే వచ్చేశాను.