మలుపులో ఖాకీ కోటు

ఆ రోజుల్లో మా అనంతపురం వైపు పనికి పోవడమంటే ఎవరి వెనకో ఒకరి వెనక కూర్చోవడమే. మా తాత నడిచిపోయేవాడు, మా నాయన సైకిలు తొక్కాడు, నా వంతు వచ్చేసరికి రోడ్డు పక్కన నిలబడి చెయ్యెత్తడం మిగిలింది. పల్లె బస్సు, పాల ఆటో, గొర్రెల లారీ, ఏది ఆగితే అదే మన బండి. ఇప్పుడు ఇంటికి రెండేసి మోటారు సైకిళ్ళు, వెనక సీట్లన్నీ ఖాళీగా పోతున్నాయి. ఖాళీ సీటు చూస్తే నాకు ఇప్పటికీ వెన్ను జలదరిస్తుంది. ఎందుకో చెబుతాను, నవ్వొస్తే నవ్వుకోండి.

చదువు అయిపోగానే ముదిగుబ్బ దగ్గర శెనక్కాయల మిల్లులో తూకం గుమాస్తాగా చేరి, మేనత్త ఊళ్ళో దిగాను. ఆ ఏడు వాన మొహం చాటేసింది, మా చేను నిలువునా ఎండింది. ఇంట్లో పొయ్యి వెలగాలంటే నా ఉద్యోగం నిలబడాలి. చలికి వణుకుతున్న నన్ను చూసి మిల్లు యజమాని మేకుకు వేలాడుతున్న ఖాకీ కోటు తీసి, "ఏసుకో అప్పా, ఊరికే ఉండాది" అన్నాడు. (ఊరికే వచ్చింది ఏదీ ఊరికే పోదని మా నాయన అంటుండేవాడు. ఆయన మాట వినే వయసా అది?)

మరునాడు పొద్దున మంచులో, రోడ్డు మలుపు దగ్గర కోటు తొడుక్కుని చెయ్యెత్తాను. బస్సు నెమ్మదించింది. డ్రైవరు నన్ను చూశాడు, మొహం పాలిపోయింది, బస్సు దూసుకుపోయింది. పోతూ పోతూ కిటికీలోంచి ఒక బీడీ నా కాళ్ళ దగ్గర పడింది. వెనకే వచ్చిన పాల ఆటో కూడా అంతే, ఆగలేదు గానీ బీడీ విసిరింది. నాకు బీడీ అలవాటు లేదు. అయినా దొరికింది పారేయడం మా ఇంటా వంటా లేదు కాబట్టి ఏరి జేబులో వేసుకున్నాను. నడిచి మిల్లు చేరేసరికి ఎండ ముదిరింది. "ఇంగొగ తూరి లేటైతే రాబాకు" అన్నాడు యజమాని.

ఆ మర్నాడూ అదే వరస. ఈసారి బస్సులో ఆడవాళ్ళు నన్ను చూసి కళ్ళు మూసుకుని దండం పెట్టారు. గాలి లేదు, పిట్ట కూత లేదు. అసలు నేనున్నానా లేనా అని నాకే అనుమానం వచ్చి చెయ్యి గిల్లుకున్నాను. ఉద్యోగం పోతుందన్న భయం, ఇదేదో వేరే భయం, రెండూ కలిసి ఏడుపొచ్చింది.

అప్పుడే గొర్రెలు తోలుకుంటూ ఒక అవ్వ వచ్చి నన్ను ఎగాదిగా చూసింది. "ఎవురప్పా నువ్వు? ఆ కోటు మిల్లులో పాత గుమాస్తాది. ఈడనే బస్సుకు నిలబడేటోడు. లారీ గుద్ది ఈడనే పోయినాడు."

జేబులోంచి బీడీలు తీసి చూపించాను. "మరి ఈ బీడీలు?" అన్నాను.

"ఎవురు బండెక్కించుకున్నా బీడీ అడుగుతాండె. అది తీరితే ఎంట రాడని ఏస్తారు."

"నీకు భయం కాలేదా అవ్వా?"

"సచ్చినోడు బీడీలు జోబులో దాసుకుంటాడా? తాగుతాడు గానీ!"

కోటు విప్పి, బీడీలతో సహా తుమ్మకొమ్మకు తగిలించాను. తరవాత వచ్చిన బస్సు చెయ్యెత్తకముందే ఆగింది. "ఈడ ఒగనివే నిలబడినావే! ఒగాయప్ప తిరుగుతాండాడంట, చూడలేదా?" అన్నాడు కండక్టరు. చూడలేదన్నాను, పళ్ళు టకటక కొట్టుకుంటుంటే. మిల్లులో యజమాని కోటేదని అడిగాడు. "ఎవురిదో వాళ్ళకే ఇచ్చేసినా" అన్నాను. ఆయన మొహం దించుకుని తూకం రాళ్ళ వైపు పోయాడు. ఆలస్యం మాట మళ్ళీ ఎత్తలేదు. మరునాడు చూస్తే కొమ్మ మీద కోటు లేదు, కింద కాల్చిన బీడీ ముక్కలు ఉన్నాయి. గొర్రెలకాపరులెవరో అయ్యుంటారు. అలా అనుకోవడమే మంచిది.

ఇప్పుడు ఆ దారినే కారులో ఒక్కణ్ణే ఆఫీసుకు పోతాను. ఆ మలుపులో చెయ్యెత్తేవాళ్ళు ఎవరూ లేరు, అయినా నా కాలు బ్రేకు మీదికి పోతుంది. మొన్న అలాగే ఆగి కదలగానే, పక్క సీటుకు బెల్టు పెట్టలేదని కారు కుయ్యిమని మొత్తుకుంది. పక్క సీట్లో అన్నం క్యారేజీ పెడితే ఆ బరువుకు అలా మోగుతుందని తరవాత మెకానిక్కు అన్నాడు. ఆ రోజు నా క్యారేజీ వెనక సీట్లో ఉంది.

చెయ్యి చాపి ఆ ఖాళీ సీటుకు బెల్టు పెట్టాను. "పోదాం పదన్నా" అన్నాను. మోత ఆగింది. ఈ వయసులో ఇదేం పిచ్చని నాకే నవ్వొచ్చింది. జన్మలో పొగ తాగనివాడి కారులో బీడీ కట్ట ఎందుకుందని మా ఆవిడ మాత్రం ఇంకా నిలదీస్తూనే ఉంది.