దీపం పెట్టాక వావిలాకు కోయరాదు

మా చిన్నప్పుడు... చిక్కడపల్లిలో మా ఇంటి వెనక వసారాలో నొప్పుల శాఖ ఒకటి పనిచేసేది. దాని శాశ్వత అధిపతి మా మామ్మ. ఆవిడ నియామకపు ఉత్తర్వు ఎవరూ చూడలేదు. పదవీ విరమణ మాట ఎత్తే ధైర్యమూ ఎవరికీ లేదు.

పని విభజన స్పష్టంగా ఉండేది. పంటినొప్పికి లవంగం... తలనొప్పికి సానమీద అరగదీసిన శొంఠి... కడుపునొప్పికి వాము. కీళ్ళు, నడుములు, బెణుకులు మాత్రం పెరటిగోడ పక్కనున్న వావిలి చెట్టు పరిధిలోకి వచ్చేవి. ఆకును ఆముదంలో వెచ్చచేసి, పాత పంచె గుడ్డలో మూటగట్టి, మామ్మ కాపడం పెట్టేది. ఆ ఘాటు వాసన నారాయణగూడ నుంచి నడిచొచ్చే చుట్టాలకు వీధి మలుపులోనే మా చిరునామా చెప్పేది.

నిబంధనలు రెండు. ఆకు కోసే ముందు, అది ఎవరి నొప్పికో చెట్టుకు పేరు చెప్పి అడగాలి. ఇంట్లో సందెదీపం పెట్టాక చెట్టు నిద్రపోతుంది కనుక ఆకు ముట్టరాదు. మినహాయింపులు లేవు. ఒక సాయంత్రం నీళ్ళ బిందె ఎత్తబోయి నడుము పట్టేసిన మా నాన్న, సాక్షాత్తూ అధిపతి కన్నకొడుకై ఉండి కూడా, తెల్లవారేదాకా మూలుగుతూ వేచి ఉన్నాడు.

మేడమీద గదిలో సుజాతక్క అద్దెకుండేది. తెలంగాణ పల్లె నుంచి వచ్చి పోలీసు ఉద్యోగానికి తయారవుతోంది. పగలు అశోక్‌నగర్‌లో కోచింగు, పొద్దునా సాయంత్రం పరుగు. ఆ ఆదివారమే పరుగు పరీక్ష. వయోపరిమితి దృష్ట్యా ఆమెకు అదే ఆఖరి అవకాశం. అందుచేత గుమ్మంలో ఎదురైన ప్రతివారూ "ఇవాళ ఎన్ని నిమిషాలు?" అని విచారించేవారు.

బుధవారం... మామ్మ దీపం పెట్టి ఇటు తిరిగిందో లేదో, అక్క ఒంటికాలిమీద గేటు పట్టుకుని లోపలికొచ్చింది. పరుగులో రాయిమీద అడుగు పడిందట. చీలమండ అప్పటికే బన్నులా ఉబ్బింది.

"అమ్మమ్మా, జర ఆకు కట్టవా... ఆదివారం ఉరకాలె. ఈసారి పోతే మల్ల నాకు వయసుండది."

మామ్మ కాలు వైపు చూసింది. దీపం వైపు చూసింది. "ఇప్పుడే పెట్టానే తల్లీ. చెట్టు పడుకుంది."

అక్క మెట్టుమీద కూర్చుని, ఏడవకుండా ఉండేందుకు, చేతిలో ఉన్న షూకి లేసు ముడి వేస్తూ, విప్పుతూ ఉంది...

పాత దస్త్రమేదో గుర్తొచ్చిన గుమాస్తాలా మామ్మ గొంతు సవరించుకుంది.

"నీ గదిలో దీపం పెట్టావుటే?"

"యాడ పెట్టిన అమ్మమ్మా? ఇంక పైకే పోలే."

"నీ పొయ్యి వేరు, నీ దీపం వేరు. అంటే నీకింకా పొద్దు గుంకలేదు. పో, నువ్వే వెళ్ళి అడుగు."

నాన్నకు తన నడుము గుర్తొచ్చింది. "అమ్మా! ఆ రోజు నాకీ వెసులుబాటు ఎందుకివ్వలేదు?"

"నీకు ఆదివారం పరుగుందిట్రా?"

అక్క గోడ పట్టుకుని గెంతుతూ చెట్టు దగ్గరికి వెళ్ళింది. వాళ్ళ ఊళ్ళో వావిలిని వాయిలి అంటారు. "వాయిలమ్మా, నేను సుజాతను. మేడ మీద ఉంటా. నా కాలుకు నాలుగు రెమ్మలియ్యి తల్లీ. ఆదివారం దాక సతాయించకు, గంతే."

మర్నాడు డాక్టరుగారు ఎముక బాగానే ఉందని చూసి, కట్టు కట్టి, మూడు రోజులు నడవొద్దన్నారు. ఆ ఆదేశాన్ని మామ్మ తన పేరు మీదే అమలుచేసింది. అక్కకు మేడమెట్లు నిషేధం. మా హాల్లోనే పక్క, పుస్తకాలు, అన్నం, మూడు పూటలా కాపడం. వాపు తీసింది ఆకా, ఆముదమా, కట్టా, కదలనివ్వని మామ్మా అన్న విషయంపై విచారణ ఎన్నడూ జరగలేదు.

ఆదివారం మధ్యాహ్నం అక్క ఆటో దిగింది. మామ్మ గేటు దగ్గరే ఉంది.

"ఉరికిన అమ్మమ్మా! గీత దాటేదాక నొప్పే తెల్వలే. దాటినంక కూసొని మస్తు ఏడ్చిన. ఇగ..."

"ఆగు. ముందు చెట్టుకు చెప్పు. తర్వాత నాకు."

అక్క కుంటుకుంటూ పెరట్లోకి వెళ్ళింది. పరీక్ష నెగ్గిన సంగతి మాకంటే ముందు వావిలి చెట్టుకే తెలిసింది...

ఇప్పుడా స్థలంలో ఐదంతస్తులు. చెట్టున్న చోట మా కారు నిలుస్తోంది. దాన్ని కొట్టించింది పట్టపగలే, వేళ నిబంధన ప్రకారమే. ఎవరి కోసమో మాత్రం దానికెవరూ చెప్పలేదు. మామ్మ అప్పటికి లేదు. నేనున్నాను... నేనూ చెప్పలేదు.

మొన్న లిఫ్టు ఆగిపోయి, మెట్లెక్కి, మోకాలు పట్టేసింది. వీధి చివరి మందుల షాపుకు సందెదీపంతో నిమిత్తం లేదు, ఎప్పుడూ తెరిచే ఉంటుంది. స్ప్రే డబ్బా ఇచ్చినాయన ఎవరికని అడగలేదు. ఇంటికొచ్చి, మూత తీసి, ఎందుకో ఆగాను...

"నా మోకాలికమ్మా" అన్నాను.

డబ్బా ఉస్సుమంది.

మీ ఇంట్లో ఈ శాఖ ఎవరి చేతిలో ఉండేది? ఏ ఆకు... ఏ నిబంధన? కింద రాయండి. అది ఎవరి నొప్పికో పేరు చెప్పి మరీ రాయండి...