రత్తమ్మ షట్‌డౌన్ కొట్టదు

రోజూ పంటు పడవెక్కి గోదావరి దాటి నరసాపురం పనికొచ్చే రత్తమ్మకు యాభై మూడేళ్లు. ఏడో ఏట పట్టిన లేసు సూదిని నలభై ఏళ్లు వదల్లేదు. కళ్లు మసకబారి కుట్లు అలుక్కుపోతుంటే, లేసు సంఘంలో పెట్టిన కంప్యూటరు శిక్షణకు తనంతట తానే పేరు రాయించుకుంది. "ఈ వయసులో నీకెందుకే?" అన్నవాళ్లకు, "నేను నేర్చుకుంటే మీ సొమ్మేం పోయింది?" అని జవాబిచ్చింది. ఇప్పుడు సంఘం కొత్త డిజైన్లన్నీ ఆవిడ ల్యాప్‌టాప్‌లోనే పుడతాయి. తెర మీద గళ్లు పెద్దవి చేసుకుని, కుట్టుకో గడి చొప్పున నింపుతుంది.

ఆ ల్యాప్‌టాప్ ఓ ముసలి ఘటం. తెరుచుకోవడానికే పావుగంట. అందుకని సాయంత్రం స్లీప్‌లో పెట్టి, సంచిలో వేసుకుని ఇంటికి పోయేది. ఓ శనివారం అలాగే నిద్రపుచ్చింది. సోమవారానికి బ్యాటరీ అయిపోయింది, సేవ్ చెయ్యని నెమలి డిజైను గంగలో కలిసింది. తప్పు తనదేనని ఒప్పుకుని, మళ్లీ మొదటినుంచీ గీయడం మొదలుపెట్టింది.

మేనేజరు శ్యాంబాబుకు ఆ సందు చాలు. "రేపట్నుంచి ఐదున్నరకి షట్‌డౌన్ కొట్టి వెళ్లాలండి. కుదరదంటే ల్యాప్‌టాప్ ఇచ్చేసి మళ్లీ సూది పట్టుకోండి," అన్నాడు.

ఆ కళ్లతో సూది పట్టుకోమంటే ఇంట్లో కూర్చోమనడమే. రత్తమ్మకు ఒళ్లు మండింది. షట్‌డౌన్ కొడితే పొద్దున్నే తెరుచుకునేదాకా ఎదురుచూపు, ఆపైన నిన్న ఏ గడి దగ్గర ఆపానా అని వెతుకులాట. ఆ కళ్లకు అదేం చిన్న పనా?

శిక్షణలో విన్న మాటొకటి గుర్తొచ్చింది, హైబర్నేట్ అని. మెనూలో చూస్తే లేదు. లేదంటే ఊరుకునే మనిషా? సెట్టింగులన్నీ గాలించి, పవర్ బటన్ల పేజీ పట్టుకుని, హైబర్నేట్ పక్కనున్న ఖాళీ గడిలో టిక్కు పెట్టింది. తెరిచిన పనంతా ఉన్నదున్నట్టు డిస్కులో దాచుకుని, కరెంటు చుక్క తాగకుండా పడుకోవడమట అది.

మర్నాడు ఐదున్నరకి శ్యాంబాబు ఆవిడ బల్ల దగ్గరే కాపు కాశాడు.

"ఏంటండీ, కొట్టారా?"

రత్తమ్మ సేవ్ చేసి, హైబర్నేట్ నొక్కింది. లైట్లన్నీ ఆరాక ల్యాప్‌టాప్ తిరగేసి, బ్యాటరీ ఊడదీసి ఆయన చేతిలో పెట్టింది.

"పట్టుకెళ్లండి. రాత్రంతా ఇది లేకుండానే నా పని భద్రంగా ఉంటుంది. పొద్దున్న మీరే తెచ్చి పెట్టండి."

పొద్దున్న అందరి ముందూ ఆయనే తెచ్చి పెట్టాడు. కాసేపటికి ఒంటిరెక్క నెమలి తెర మీద నిలబడింది, నిన్న ఆపిన గడి దగ్గరే. పక్క బల్ల తబిత చప్పట్లు కొట్టింది.

శ్యాంబాబు ముఖం మాడ్చుకున్నాడు. "ఏదైతేనేమండీ, ఆరిపోవడమేగా! రూలు ప్రకారం షట్‌డౌనే కొట్టాలి."

"మా ఆయన ముప్పై ఏళ్లుగా సముద్రం మీదికి వేటకెళ్తున్నాడండి. ఒక్కనాడూ 'వెళ్తున్నా' అన్లేదు. 'వెళ్ళొస్తా' అంటాడు. మీ షట్‌డౌన్ వెళ్తాననే రకం. ఇది వెళ్ళొస్తాననే రకం. రూలు మీరు గోడకి అంటించుకోండి, నా చేత్తో మాత్రం కొట్టను."

ఆ సాయంత్రం ఐదున్నరకి హైబర్నేట్ నొక్కి, సంచి భుజాన వేసుకుని, గుమ్మంలో ఆగి సంఘమంతా వినేలా అంది.

"శ్యాంబాబు గారూ, వెళ్ళొస్తామండీ. నేనూ, ఇదీ."