గంగాధర్‌కు కల్లు పెట్టేది లేదు

నిన్న పదకొండున్నరకు మార్కెట్ యార్డు నుంచి ఫోన్ వచ్చింది.

"అక్కా, గంగాధర్ కూసున్నకాడనే ఒరిగిండు. దవాఖానకు తీస్కపోతున్నం."

చేతిల సగం కుట్టిన బ్లౌజు ఉండె. దాంతోనే ఆటో ఎక్కిన.

నేను పోయేసరికి డాక్టర్ బయటికొచ్చి తల అడ్డంగ ఊపిండు. హార్ట్ ఎటాక్. నా తమ్ముడికి నలభై ఒక్కేండ్లు.

ఇంకా నమ్మబుద్ధి అయితలేదు. నిన్న పొద్దున పనికి పోతూ పోతూ నా ఇంట్ల ఇడ్లీలు తిని, "చట్నీల ఉప్పు మరిచినవ్, ముసల్దానివి అయితున్నవ్" అని ఎక్కిరించి పోయిండు.

ఏడ్చేది ఇంట్ల ఏడుస్తున్న. ఈ పోస్ట్ కోపంతో రాస్తున్న.

శవం ఇంటికి రాకముందే వాకిట్ల గుసగుసలు మొదలైనయి. "మళ్ళ తాగుడు షురూ చేసిండేమో." "గా అలవాటు యాడికి పోతది?"

ఏడో క్లాసు చదివే వాడి బిడ్డ నవ్య అక్కడే ఉంది. వచ్చి నా చెవిల అడిగింది.

"అత్తమ్మా, డాడీ తాగిండా?"

తాగలే బిడ్డా. నాలుగేండ్లాయె తాగక. గుండెపోటని డాక్టరే రాసిచ్చిండు. నీకు చెప్పిన మాటే అందరికీ వినపడాలని ఇక్కడ పెడుతున్న.

మా దిక్కు కల్లు సంగతి తెలువనోళ్ళు ఉంటరు కాబట్టి చెప్తున్న. చాలా డిపోలల్ల అమ్మే సీసాల చెట్టు నుంచి వచ్చింది ఎంతో దేవునికే తెలుసు. మత్తు కోసం నిద్రమాత్రల పొడి కలుపుతరు. గంగాధర్ బోధన్ దిక్కు చెరుకు ట్రాక్టర్ నడిపే రోజులల్ల మొదలుపెట్టి పన్నెండేండ్లు తాగిండు. "కల్లే కదా, సారా కాదు కదా" అని ఇంట్ల మేమే తేలిగ్గ తీసుకున్నం. ఒళ్ళునొప్పులకు మంచిదని కూడ అన్నం.

ట్రాక్టర్ పాయె. పెండ్లాం బిడ్డను ఎత్తుకొని తల్లిగారింటికి పాయె.

నేను కూడ తప్పు చేసిన, దాచుకోను. ఒకసారి పట్టుదలకు పోయి వాణ్ణి రూముల పెట్టి బయట గొళ్ళెం వేసిన. మూడో రోజు మెడ వంకర పోయింది. ఫిట్స్ వచ్చినయి. గాలి సోకిందని ఒకరు, "ఒక్క సీసా తాపు, అదే తగ్గుతది" అని ఇంకొకరు.

వాడి తల ఒళ్ళో పెట్టుకొని, నా చేతులతోటి నేనే తాపిన.

గంటకు లేచి కూసున్నడు. దేవుడు కాపాడిండు అనుకున్నం.

ఆ ఒక్క సీసాతో ఇంకో రెండేండ్లు పోయినయి.

ఆఖరికి దవాఖానల ఒక డాక్టరమ్మ నన్ను తిట్టి మరీ చెప్పింది. ఒంట్ల పట్టింది మాత్రల పొడి, ఒక్కసారి బంద్ చేస్తే పాణం మీదికొస్తది, డాక్టర్ల చేతిల మెల్లమెల్లగ తగ్గించాలె అని. మీ ఇంట్ల ఇట్లాంటోళ్ళు ఉంటే నా లెక్క గొళ్ళెం వెయ్యకుండ్రి. దవాఖానకు తీస్కపోండ్రి.

దవాఖాన వార్డుల పెట్టి మెల్లగ తగ్గించినంక, వాణ్ణి కంఠేశ్వర్‌ల ఉన్న నా ఇంటికే తెచ్చుకున్న. చేతులు వణికి చాయ్ సగం సాసర్లనే ఒలికేది. అట్లాంటోడికి పని ఎవరిస్తరు? యార్డుల పసుపు సంచుల మూతులు కుట్టే పని ఉందంటే పోయిండు. మొదటి రోజే కుట్లు వంకరపోయి పసుపు కారింది. వాపస్ పంపిన్రు.

నేను టైలర్ని. సంచులు కుట్టే దబ్బనం కూడ సూదే కదా అనుకున్న. చిరిగిన బియ్యం సంచులు తెచ్చి ముందటేసిన. రోజూ సాయంత్రం నా మిషన్ పక్కన కూసుండబెట్టి కుట్టించిన. వంకరపోతే విప్పి మళ్ళ కుట్టమన్న.

"నువ్వు అక్కవా, జైలరువా?" అని తిట్టేటోడు. నేనేమన్న తక్కువనా, నేనూ తిట్టేదాన్ని.

నాలుగు నెలలకు కుట్టు సక్కగొచ్చింది. యార్డుకు మళ్ళ పోయిండు.

పోయే తొవ్వల కల్లు డిపో ఉంటది. "వాసనొస్తే ఇప్పటికీ నోరూరుతది అక్కా" అని నాకు చెప్పి, రెండు కిలోమీటర్లు చుట్టు తిరిగి పోయేటోడు. పాత దోస్తులు పగలబడి నవ్విన్రు. "నవ్వుకోండ్రి, నేనైతే గిట్లనే పోత" అన్నడు. నిన్నటిదాక అట్లనే పోయిండు. అది చూసే మా మరదలు బిడ్డను తీస్కొని వాపస్ వచ్చింది.

అట్లాంటోడికి నిన్న పాడె లేపే ముందట మా చిన్నాయన కల్లు సీసా పట్టుకొచ్చిండు.

"ఆఖరుసారి నోట్ల రెండు సుక్కలు పోద్దం బిడ్డా. పాణం సల్లవడ్తది."

చిన్నాయన చెడ్డోడు కాదు. మా దగ్గర పోయినోళ్ళందరికీ పోస్తరు. మా బాపుకు కూడ పోసినం.

నేను సీసా గుంజుకొని మోరీల పారబోసిన.

పెద్దోళ్ళంటే లెక్కలేదన్నరు. ఆడదానికి ఇంత పొగరా అన్నరు.

అవును, ఉంది.

రేపు మూడో దినం. పిట్టకు పెట్టాలె. కల్లు పెట్టకుంటే కాకి ముట్టదు, వాడి ఆత్మ ఇక్కడిక్కడనే తిరుగుతది అని పొద్దటి నుంచి ఒకటే ఫోన్లు. అందరికీ ఒకటే జవాబు. అన్నం పెడతం. కోడికూర పెడతం. కల్లు పెట్టేది లేదు. సీసా తెచ్చేటోళ్ళు అసలు రాకుండ్రి. వాడు వణుక్కుంట కూసున్న రోజులల్ల మా గడప తొక్కనోళ్ళు, ఇప్పుడు వాడి గొంతు ఎండుతదని, దూపైతదని నాకు చెప్పొద్దు.

నవ్యా, నువ్వు బడికి తలెత్తుకొని పో. ఎవరన్న అడిగితే ఈ పోస్ట్ చూపియ్యి.

కాకి రాకపోతే రాకపోనీ. పొద్దుగూకేదాక ఆడనే కూసుంట. వాడు మళ్ళ మనిషి అయ్యేదాక ఇన్నేండ్లు కూసున్నదాన్ని, ఒక్క పూట కాకి కోసం కూసోలేనా?

పోయిరా గంగూ. ఇగ ఏదీ నిన్ను గుంజదు. నిమ్మళంగ పండుకో తమ్మీ.